కనపడని కొమ్ము

(డ్రాయింగు అయివారి స్మారకోపన్యాసం, తిరుపతి)

 

ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆయన పేరు ఆహ్వానపత్రికలో లేదు. నిధి ఇచ్చిన కుటుంబం పెట్టిన షరతు అది. బతికినన్నాళ్ళూ తన బొమ్మల కింద సంతకం పెట్టని మనిషి పేరును, పోయాక గోడలకెక్కించడం ఆయనకు నచ్చదన్నారు. కాబట్టి నేనూ పేరు చెప్పను. చిత్తూరు జిల్లా పల్లెబడిలో చదువుకున్న మాకు ఆయన డ్రాయింగు అయివారు. ఎదురుపడితే సార్, వెనకాల చెప్పుకుంటే అయివారు. అంతే.

ఇవాళ నన్ను మాట్లాడమన్న విషయం క్యూబిస్టు స్టిల్ లైఫ్. బల్ల మీద గ్లాసు, పండు, పేపరు, ఫిడేలు లాంటివి పెట్టుకుని, వాటిని ముక్కలు ముక్కలుగా గీసిన బొమ్మ అన్నమాట. దాన్ని ఎట్లా చూడాలి, చూస్తే మనకేం దక్కుతుంది? పారిస్ నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను మా తొమ్మిదో తరగతి గది నుంచి మొదలుపెడతాను.

*

డ్రాయింగు లోయర్ పరీక్షకు అయివారు మమ్మల్ని తయారుచేస్తున్న రోజులు. గది మధ్యలో ఒక స్టూలు. దాని మీద వాళ్ళింటి నుంచి తెచ్చిన ఇత్తడి కొమ్ముచెంబు, పక్కన ఒక తోతాపురి మామిడికాయ, రెండింటి కిందా మడతపెట్టిన పేపరు. మేమంతా చుట్టూ కూర్చున్నాం. పద్ధతి మీలో చాలామందికి తెలిసిందే. కూర్చున్నచోటు నుంచి కదలకూడదు. చెయ్యి బారుగా చాచాలి. ఒక కన్ను మూయాలి. పెన్సిలు నిలువుగా పట్టుకుని బొటనవేలిని జరుపుతూ చెంబు ఎత్తు కొలవాలి, అడ్డంగా తిప్పి వెడల్పు కొలవాలి.

గంట తర్వాత కాగితాలన్నీ తీసుకుని, గుండుసూదులతో గోడకు వరసగా గుచ్చారు. ఇరవై, ముప్పై చెంబులు. ఒక పక్క కూర్చున్నవాళ్ళ చెంబుకు కొమ్ము బారుగా సాగింది. కొమ్ముకు ఎదురుగా కూర్చున్నవాళ్ళకు అది చిన్న గుండ్రటి చిల్లై చెంబు పొట్టకు అతుక్కుపోయింది. వెనకవైపు వాళ్ళకు కొమ్మే లేదు, ఉత్త చెంబు. మామిడికాయ సంగతీ అంతే. పక్కనుంచి చూసినవాడికి చిలకముక్కు తిరిగిన తోతాపురి. ముక్కు ఎదురుగా పడినవాడికి ఏం కాయో చెప్పలేని గుండు.

వెనకవైపు కూర్చున్నవాళ్ళలో ఒకడు మాత్రం కొమ్ము గీశాడు. అయివారు ఆ కాగితం ముందు ఆగారు.

“ఏమబ్బా, నువ్వు కూర్చున్న కాడికి కొమ్ము కనపడతాందా?”

“లేదు సార్.”

“మరి గీసినావే?”

“కనపడలేదు గానీ ఉంది గదా సార్.”

గదంతా నవ్వింది. అయివారు నవ్వలేదు. “పరీక్షలో ఇట్లా గీస్తే మార్కులు పోతాయిరా, జాగ్రత్త” అన్నారు. “ఈ కాగితం మాత్రం నాకియ్యి” అని గోడ మీది నుంచి తీసి అటెండెన్సు రిజిస్టరులో పెట్టుకున్నారు. ఆ పిల్లవాడు నేను కాదని ఒప్పుకోవాలి. నేను కనిపించినంతవరకే గీసి, మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి.

అక్షరానికి కొమ్ము ఎగిరిపోతే మాటే మారిపోతుంది. చెంబుకు కొమ్ము కనబడకపోతే వస్తువే మారిపోతుందా? ఇంట్లో ఆ చెంబును రోజూ తోమి, నీళ్ళు పోసి, చేత్తో పట్టుకున్నవాడికి కొమ్ము ఎక్కడికీ పోదు. ఒంటి కన్నుతో, ఒకే చోట కూర్చుని కొలిచినవాడికి మాత్రం పోతుంది. క్యూబిజమంతా ఈ రెండు మాటల మధ్య తగువే.

*

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. అదే ఏడాది వేసవిలో ఫ్రాన్సు దక్షిణాన, పిరనీస్ కొండల కింద సెరే అనే చిన్న ఊళ్ళో ఇద్దరు కుర్రవాళ్ళు పక్కపక్కనే బొమ్మలు వేసుకుంటున్నారు. ఒకరు స్పెయిన్ నుంచి వచ్చిన పాబ్లో పికాసో, 1881లో పుట్టినవాడు. ఇంకొకరు ఫ్రాన్సువాడైన జార్జ్ బ్రాక్, ఆయనకంటే కొన్ని నెలలు చిన్న. ఆ రోజుల్లో వాళ్ళ బొమ్మలు ఎంతగా కలిసిపోయాయంటే ఏది ఎవరిదో పోల్చుకోవడం ఇప్పటికీ కష్టమే. అదీగాక కొన్నేళ్ళపాటు వాళ్ళిద్దరూ బొమ్మ ముందువైపు సంతకం పెట్టడం మానుకున్నారు. మా అయివారికి ఈ సంగతి తెలిస్తే సంతోషించేవారు.

క్యూబిజం అన్న పేరు వాళ్ళు పెట్టుకున్నది కాదు. 1908లో బ్రాక్ బొమ్మల ప్రదర్శన చూసిన లూయీ వోసెల్ అనే విమర్శకుడు, ఈయన మనుషులనూ ఇళ్ళనూ అన్నిటినీ ఘనాలుగా మార్చేస్తున్నాడని రాశాడు. ఘనమంటే లెక్కల అయివారు చెప్పే క్యూబే. వెక్కిరింతగా అంటుకున్న పేరు అట్లాగే నిలిచిపోయింది. నిజానికి వాళ్ళ బొమ్మల్లో సరైన ఘనం ఒక్కటీ దొరకదు. దొరికేవి పగిలిన పలకలు, తెగిన అంచులు, సగం గీసి వదిలేసిన వంపులు.

ఐరోపా చిత్రకళ నాలుగైదు వందల ఏళ్ళపాటు నమ్మిన పద్ధతి మా తొమ్మిదో తరగతి పద్ధతే. ఒక చోట కూర్చో, ఒక కన్ను మూయి, దూరమయ్యేకొద్దీ చిన్నది చెయ్యి. 1906లో కన్నుమూసిన ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ ఆ నియమాన్ని ముందే కొంత సడలించాడు. ఆయన బల్లల మీది ఆపిల్ పళ్ళు జారిపోతాయేమో అనిపిస్తుంది, ఎందుకంటే బల్లను ఒక చోటు నుంచి, పళ్ళేన్ని మరో చోటు నుంచి చూశాడు. పికాసో, బ్రాక్ ఇంకో అడుగు వేశారు. మూసిన కన్ను తెరిచారు, బెంచీ మీది నుంచి లేచారు, వస్తువు చుట్టూ తిరిగారు. తిరిగినప్పుడు చూసినదంతా ఒకే కాగితం మీద పెట్టారు.

*

ఈ మాట తిరుపతివాళ్ళకు కొత్తగా ఉండాల్సిన పని లేదు. మా అవ్వ కొండకు పోయి వచ్చినప్పుడల్లా చెప్పేది, “ఈ తూరి పాదాలు చూసినానబ్బా, మొగం చూసేలోపలే జరిపేసినారు” అని. ఇంకోసారి పోతే పాదాలను చూపించే వరదహస్తం. మరోసారి గడ్డం మీది పచ్చకర్పూరం చుక్క, పెద్ద నామం. క్యూలో గంటల తరబడి నిలబడి, లోపలికి పోయాక “జరగండి, జరగండి” అనే కేక మధ్య దొరికేది ఒక్క క్షణం. ఆ క్షణంలో కళ్ళకు దొరికింది దొరికినంత. అయినా ఏ ఊరిలో అడిగినా మా అవ్వ స్వామిని పాదాల నుంచి కిరీటం దాకా చెప్పగలదు. పది దర్శనాల్లో పది ముక్కలుగా చూసింది, ఆమె మనసులో ఒకే మూర్తిగా నిలిచింది.

దేవుణ్ణి బొమ్మతో పోల్చడం లేదు, చూపును చూపుతో పోలుస్తున్నాను. మనం దేన్నయినా తెలుసుకునేది ఇట్లానే. ఇంటి గేటు, పెళ్ళాం ముఖం, రోజూ తాగే లోటా, అన్నీ వందల చూపుల మూట. ఫోటో ఆ మూటలోంచి ఒక్క చూపును లాగి చూపిస్తుంది. క్యూబిస్టు బొమ్మ మూట విప్పి పరుస్తుంది.

*

ఇప్పుడు ఒకే ఒక బొమ్మ ముందు కాసేపు నిలబడదాం. 1912లో పికాసో చేసిన ‘కుర్చీ అల్లికతో స్టిల్ లైఫ్’. పారిస్‌లోని పికాసో మ్యూజియంలో ఉంది. పెద్దదేం కాదు. 29 సెంటీమీటర్ల ఎత్తు, 37 సెంటీమీటర్ల వెడల్పు, టిఫిన్ వడ్డించే అరిటాకు ముక్కంత. ఆకారం కోలగా ఉంటుంది. ఫ్రేము లేదు, దాని బదులు చుట్టూ ఒక తాడు కట్టాడు.

మొదట వస్తువుల కోసం వెతక్కండి. బల్ల ఎక్కడుందో చూడండి. కోలగా ఉన్న ఆ అంచే బల్ల అంచు అనుకోండి, తాడు దాని చుట్టూ ఉన్న బద్దె అనుకోండి. అప్పుడు మీరు ఒక కాఫీ బల్లను పైనుంచి వంగి చూస్తున్నట్టు అవుతుంది. ఎడమవైపు మూడక్షరాలున్నాయి, జె, ఓ, యు. ఫ్రెంచిలో పేపరును జుర్నాల్ అంటారు, దాని మొదటి మూడక్షరాలవి. మడతపెట్టిన పేపరు మీద ‘ఈనా’ అని రెండక్షరాలు కనపడితే చాలు, మిగతా అక్షరం మనం కలుపుకోమా? అట్లాగే. పైగా ఆడుకోవడం అన్న ఫ్రెంచి మాట కూడా ఆ మూడక్షరాలతోనే మొదలవుతుంది. పికాసో మనతో ఆడుకుంటున్నాడు కూడా. అక్షరాల దగ్గర నుంచి ఒక పొగాకు పైపు కాడ బయటికి వస్తుంది. కుడివైపుకు పోతే గ్లాసు, కత్తి, కోసిన నిమ్మకాయ చెక్క. ఏదీ పూర్తిగా లేదు. గ్లాసు మూతి పైనుంచి చూసినట్టుంటే, దాని పక్కలు ఎదురుగా నిలబడి చూసినట్టుంటాయి.

కింది సగంలో పేము అల్లిన కుర్చీ సీటు కనిపిస్తుంది. ఒక్కొక్క పేముబద్ద, మధ్య చిల్లులు, అచ్చంగా కుర్చీయే. బొమ్మంతటిలో అన్నిటికంటే నిజంగా కనిపించేది అదే. అయితే అది గీసింది కాదు, అల్లిందీ కాదు. దుకాణంలో దొరికే, పేము అల్లిక అచ్చువేసిన ఆయిల్ క్లాత్‌ను తెచ్చి అతికించాడు. అంటే చేత్తో గీసిన గ్లాసు నమ్మశక్యంగా లేదు, నమ్మశక్యంగా ఉన్న అల్లిక ఉత్త అచ్చు. ఏది నిజం, ఏది నకలు?

ఈ తమాషా మన ఇళ్ళలో లేదా? టేకు చారలు అచ్చువేసిన మైకా తలుపులు వేయించుకుంటున్నాం. నాపరాయిలా కనబడే టైల్సు పరుచుకుంటున్నాం. పేము అల్లికలా పోతపోసిన ప్లాస్టిక్ కుర్చీల మీదనే ఇప్పుడు మీరు కూర్చున్నారు. నూరేళ్ళకు ముందే ఒకాయన దీన్ని చూసి నవ్వుకుని బొమ్మలోకి తెచ్చాడు.

ఈ అతికింపుల్లో బ్రాక్ తక్కువవాడేం కాదు. ఆయన తండ్రి, తాత ఇళ్ళకు రంగులు వేసే పనివాళ్ళు. బ్రాక్ కూడా ఆ పని నేర్చినవాడే. మామూలు చెక్కను దువ్వెన లాంటి పనిముట్టుతో గీరి ఖరీదైన చెక్కలా భ్రమింపజేయడం ఆయనకు చేతిలో విద్య. 1912లోనే అవిన్యోన్ ప్రాంతంలో ఓక్ చెక్క చారలు అచ్చువేసిన గోడకాగితం కొని, ముక్కలు కోసి, పండ్ల గిన్నె, గ్లాసు ఉన్న బొమ్మలో అతికించాడు. అంతకు రెండు మూడేళ్ళ ముందే ఫిడేళ్ళ బొమ్మల్లో ఇంకో చిలిపి చేశాడు. ఫిడేలు ముక్కలు ముక్కలై గోడలో కలిసిపోతున్న బొమ్మ పైభాగాన ఒక మేకు గీశాడు. ఆ ఒక్క మేకును మాత్రం పాత పద్ధతిలో, నీడ పడేట్టు, చేత్తో పీకొచ్చేమో అన్నట్టు. పాత చూపు నాకు రాక వదల్లేదు అని చెప్పడానికి ఆ మేకు చాలు.

రంగుల గురించి ఒక మాట. 1909 నుంచి 1912 దాకా వాళ్ళ బొమ్మల్లో మట్టి రంగు, బూడిద రంగు తప్ప వేరే రంగులు పెద్దగా కనపడవు. మామిడిపండును పచ్చగా వేస్తే కన్ను అక్కడే ఆగి, నోరూరి, ఆకారాన్ని మరిచిపోతుంది. ఆకారం సంగతి తేలేదాకా రంగును పక్కన పెట్టారు. కాగితాల అతికింపు మొదలయ్యాక రంగు మళ్ళీ వచ్చింది. వాళ్ళతో చేరిన స్పెయిన్‌వాడు హువాన్ గ్రీ బొమ్మల్లో గళ్ళ బట్టలు, నీలాలు, పచ్చలు పండగలా ఉంటాయి. కొత్తగా చూసే పిల్లలు గ్రీతో మొదలుపెట్టడం మంచిది.

*

సభలో ఎవరో ఒకరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. బాగున్న వస్తువును పగలగొట్టడం ఎందుకు?

మన తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవాళ్ళు ఈ ప్రశ్న అడగరు. వారం రోజులు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ ఒక్కో రోజు ఒక్కో రూపం. చివరికి గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు. తెల్లవారుజామున చెంప నరుకుతారు. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. చిటికెడు దొరికినవాళ్ళు దాన్ని మూటకట్టుకుని ఇంటికి తీసుకుపోతారు. అమ్మవారు పగిలిపోయిందని ఎవరూ ఏడవరు. ప్రతి ఇంటికీ వచ్చిందంటారు. ముక్కలో మొత్తాన్ని చూడడం మన ఊరికి అలవాటైన విద్యే.

అంతమాత్రాన “ఇదంతా మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే” అని చప్పట్లు కొట్టుకుని ఇంటికి పోతే పొరపాటు. శ్రీకాళహస్తి కలంకారీనే తీసుకోండి. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట మీద, ఇనుపముక్కలు బెల్లంలో మురగబెట్టి తీసిన కసిమితో, వెదురు కలంతో నల్ల గీత లాగుతారు. ఒకే బట్ట మీద రాముడు నాలుగైదు చోట్ల ఉంటాడు. ఇక్కడ విల్లు విరుస్తాడు, అక్కడ అడవికి పోతాడు. పాత బొమ్మల్లో కోనేటిని పైనుంచి చూపించి, అందులోని చేపల్నీ తామరల్నీ పక్కనుంచి గీయడం కూడా మామూలే. ఇన్ని కాలాలు, ఇన్ని చూపులు ఒక్కచోట ఉన్నా మనం తికమకపడం. కథ మనకు తెలుసు గనక. కథ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది.

క్యూబిస్టు స్టిల్ లైఫ్‌లో ఆ చెయ్యి లేదు. గ్లాసుకు కథ ఏముంటుంది? నిమ్మచెక్కకు పురాణం ఏముంటుంది? అక్కడ జరిగే సంఘటన ఒక్కటే, చూడడం. అందుకే అది కష్టం, అందుకే దాని విలువ. కథ తెలిసిన బొమ్మ ముందు మనం గుర్తుపట్టి, దణ్ణం పెట్టి ముందుకు పోతాం. గ్లాసు ముందు గుర్తుపట్టడానికి ఏమీ లేదు. చూపు తప్ప వేరే ఆధారం లేనిచోట చూపు ఎంత బద్ధకస్తురాలో బయటపడుతుంది.

ఈ తేడా మన దేశపు క్యూబిజంలోనూ కనబడుతుంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెకు వచ్చి, జేమ్స్ కజిన్స్ నడుపుతున్న కాలేజీలో ఉండి జనగణమనకు ఇంగ్లీషు అనువాదం రాసుకున్నారు. ఆయనకు వరసకు అన్నకొడుకైన గగనేంద్రనాథ్ ఠాగూర్, ఆ తర్వాత రెండు మూడేళ్ళకే కలకత్తాలో క్యూబిస్టు బొమ్మలు మొదలుపెట్టాడు. 1922లో కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ ‘రూపం’ పత్రికలో ఆయన్ని భారతీయ క్యూబిస్టు అంటూ వ్యాసం రాసింది. ఆయన బొమ్మల్లో మెట్లు, వాకిళ్ళు, వెలుగు పలకలై విరుగుతాయి. అయితే బల్ల మీది గ్లాసును ఆయన పట్టించుకోలేదు. ఆ విరిగిన వెలుగులోకి అద్భుతనగరాలను, నాటకాన్ని, కథను పిలుచుకొచ్చాడు. నాకది లోపంగా కనపడదు. కథ లేకుండా ఉండలేకపోవడం మన నేల గుణం.

తెలుగువాళ్ళలో పి.టి. రెడ్డి ఉన్నారు, 1915లో పుట్టి 1996లో పోయారు. పూర్తి పేరు పాకాల తిరుమల్ రెడ్డి. పేరులో పాకాల, తిరుమల రెండూ ఉన్నా మన జిల్లావారు కాదు, కరీంనగర్ జిల్లావారు. బొంబాయి జేజే స్కూల్లో చదివి, 1941లో అక్కడి మిత్రులతో కలిసి కొత్త చిత్రకారుల బృందం కట్టారు. ఐరోపా కొత్త పద్ధతులను చేత్తో పరీక్షించి చూసిన ఆయన కూడా చివరికి తాంత్రిక చిహ్నాల వైపు, అంటే అర్థం ఉన్న ఆకారాల వైపే నడిచారు.

*

ఇక ముగిస్తాను. నా ముందు ఈ బల్ల మీద ఏమున్నాయో చూడండి. నీళ్ళ సీసా, డబరాలో కాఫీ లోటా, మైకు, కప్పిన శాలువా, మడిచిన ఆహ్వానపత్రిక. ఎడమవైపున్నవారికి లోటా మైకు వెనక దాక్కుంది. కుడివైపున్నవారికి సీసా మీది లేబులు కనపడదు. వెనక నిలబడిన పిల్లలకు నేను, సీసా ఒకే ఎత్తు. నాకు మాత్రం పైనుంచి లోటా మూతి గుండ్రంగా, లోపల చల్లారి మీగడ కట్టిన కాఫీ కనపడుతున్నది. ఇందులో ఏది ఈ బల్ల?

పిల్లల్లారా, ఇంటికి పోయాక మీ ఇంట్లో ఉండే ఏదో ఒక గిన్నెను స్టూలు మీద పెట్టండి. మొదట పరీక్ష పద్ధతిలో, కదలకుండా గీయండి. అది రావాలి, అది రాకుండా ఇది రాదు. ఆ తర్వాత లేచి నాలుగు పక్కలా తిరగండి. చేత్తో తడమండి. అప్పుడు రెండో కాగితం తీసుకుని, కనపడలేదు గానీ ఉంది గదా అనిపించినదంతా వేయండి. బొమ్మ వికారంగా వస్తుంది. రానివ్వండి.

మా అయివారు అటెండెన్సు రిజిస్టరులో పెట్టుకున్న కాగితం ఏమయిందో నాకు తెలియదు. అది గీసినవాడు తర్వాత ఆర్టిస్టు కాలేదు, కుళాయిలు బాగుచేసే పనిలో కుదిరాడు. గోడలో కనపడని పైపు ఎటు పోతుందో తట్టి చెప్పగలడు. ఇవాళ మూడో వరసలో కూర్చుని ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు.

సభ అయ్యాక పక్క హాల్లో క్యూబిస్టు బొమ్మల అచ్చుప్రతులు పెట్టారు. నిదానంగా చూడండి. అక్కడ జరగండి అనేవాళ్ళు ఎవరూ లేరు.